మూడు వానాకాలాలు చూసిన మా పెరటి అరుగు

మాది బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర సొంతిల్లు. వెనక 18 అడుగులకు 20 అడుగుల జాగాలో కాంక్రీట్ నేల, ప్రహరీ వెంట అరుగు 2022 ఫిబ్రవరిలో వేయించాం. కొత్తలో ఏ కాంక్రీటైనా బాగానే కనిపిస్తుంది. అందుకే ఇంతకాలం ఆగి రాస్తున్నాను.

ముగ్గురితో మాట్లాడాం. ఇద్దరు చదరపు అడుగు రేటు చెప్పి అడ్వాన్స్ అడిగారు. మూడో ఆయన అనంతపురం వైపు మేస్త్రీ. రేటు మాట ఎత్తకముందే "వాన నీళ్లు ఎటు పోవాలి సార్?" అన్నారు. పని ఆయనకే ఇచ్చాం. 20 అడుగుల పొడవుకు మూడంగుళాల వాలు పెట్టారు. ఆ సెప్టెంబరు మొదటి వారం వానలకు మహదేవపుర వైపు వీధులు మునిగినా మా పెరట్లో నీళ్లు నిలవలేదు.

కాంక్రీట్ కలిపే మిల్లర్ దగ్గర ఆయన పట్టుదల నాకు బాగా నచ్చింది. మూట సిమెంటుకు 25 లీటర్ల నీళ్లు కొలిచి పోయించారు. పలచగా ఉంటే పరచడం తేలికని కూలీలు అడిగినా ఒప్పుకోలేదు. నాలుగంగుళాల మందం నేలను మర్నాడే అంగుళం లోతున కోయించి నాలుగు గళ్లు చేశారు. సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది కదా, ఆ బీట కోసిన గీతలోనే దాక్కుంటుంది. ఈ రోజుకీ గళ్ల మధ్యలో ఒక్క నెర్రె లేదు. గోనెసంచులు పరిచి పది రోజులు నీళ్లు పట్టే బాధ్యత మాది. అమ్మ ఒక్క పూట కూడా తప్పించలేదు.

అరుగు మీద సాదరహళ్లి రాయి (బెంగళూరు దగ్గర దొరికే బూడిదరంగు గ్రానైట్), పాలిష్ లేనిది వేయించాం. తడిసినా జారదు.

లోటు లేదని చెప్పను. పది రోజుల పని మూడు వారాలైంది, ఇంకో సైట్ ఒప్పుకున్నారట. ఫోన్ తీయని రోజుల్లో చాలా టెన్షన్ పడ్డాం. డ్రైనేజీ పైపు కోసం తవ్విన చోట మట్టిని పొరలు పొరలుగా దిమిసా కొట్టలేదు. ఆ మూల రెండో ఏడు అర అంగుళం కుంగింది. ఆ మట్టి పూడ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను, ఉంటే అడిగేవాణ్ణి. పదో వంతు డబ్బు తొలి వానల దాకా ఆపుకున్నాం గానీ, ఈ లోపం అప్పటికి బయటపడలేదు.

అయినా పిలిస్తే వచ్చారు. ఆ గడి వరకే పగలగొట్టి మళ్లీ పోస్తానని, కూలి తీసుకోనని చెప్పారు. సంక్రాంతి తర్వాత రెండు రోజుల పని. ఆ రెండు రోజులకూ సెలవు పెట్టాను.