పదకొండేళ్లుగా మెడలో ఉన్న వెండి లాకెట్టు

ఈ లాకెట్టును నేను 2014లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో నగల తయారీకి పేరున్న జ్యూయలరీ క్వార్టర్ పేటలో, ఒక్క మనిషే పనిచేసుకునే చిన్న కార్ఖానాలో 180 పౌండ్లకు కొన్నాను. మధ్యలో చంద్రకాంత శిల, దాని చుట్టూ రెండు వెండి ఆకులు, మిగిలినదంతా సుత్తి దెబ్బలతో నిండిన పళ్లెం లాంటి రేకు. ఆ ఏడాది సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "కొత్త వెండికి ఈ సొట్టలేమిటే?" అని అడిగింది.

యంత్రాల తయారీకి బదులు చేతిపనికి పెద్దపీట వేసిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే ఇంగ్లిష్ శైలిలో చేసిన నగ ఇది. ఆ శైలికి ప్రాణం ఆ సొట్టలే. 1888లో లండన్‌లో ఆష్‌బీ అనే వాస్తుశిల్పి స్థాపించిన గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్ అనే చేతిపనివారి సంఘం వారు చేసిన నగల్లోనూ వజ్రాల ధగధగ కంటే వెండి, ఎనామెల్ (రంగుల గాజుపూత), నునుపుగా సానబట్టిన సాదా రాళ్లు ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే నగ విలువ రాయి ఖరీదులో కాక చేసినవాడి చేతిలో ఉండాలన్నది వారి పట్టుదల. 1902లో ఆ గిల్డ్ చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే చిన్న పట్టణానికి తరలివెళ్లింది, కానీ కొన్నేళ్లకే ఆర్థికంగా కుదేలైంది. చేతిపనికి తగిన ధర రాబట్టడం అప్పుడూ కష్టమే.

వాడకం విషయానికి వస్తే, పెసరగింజంత ఉన్న ఆ సుత్తి గుర్తులు అందానికే కాదు, మన్నికకూ పనికొచ్చాయి. నున్నటి వెండి మీద మొదటి నెలలోనే కనబడే గీతలు ఇక్కడ పదకొండేళ్ల తర్వాత కూడా వెతికితేగాని కనబడవు. నగిషీ లోతుల్లో నింపిన నలుపు రోజువారీ వాడకంలో పోకుండా ఉండిపోయి, పైకి తేలిన అంచులు చొక్కాల రాపిడికి తమంతట తామే మెరుస్తూ ఉంటాయి. వెనకవైపు వెండి స్వచ్ఛతను చెప్పే 925 అనే అంకె, దాన్ని పరీక్షించి ముద్రవేసే బర్మింగ్‌హామ్ కార్యాలయపు లంగరు గుర్తు, చేసినవారి ముద్ర మాత్రం చర్మానికి రాసుకుని కొంచెం అరిగాయి.

లోపాలు లేకపోలేదు. రాయిని పట్టుకున్న వెండి అంచు ఒకచోట కాస్త లేచి ఉన్నందున, స్వెట్టర్ల దారాలు, చీర జరీ దానికి చిక్కుకునేవి. నాలుగో ఏట గొలుసుకు కలిపే చిన్న రింగు అరిగి తెగిపోయింది. అదృష్టవశాత్తూ లాకెట్టు కోటు లోపలే పడింది. అదే ఏడాది మరోసారి సింకులో జారి, చంద్రకాంత శిల అంచున చిన్న పెచ్చు ఊడింది. ఈ రాయి పొరల వెంట సులభంగా చీలుతుందని కొనేటప్పుడే చెప్పారు, వినిపించుకోనిది నేనే.

రింగు మార్పించడానికి దగ్గరలోని ఒక దుకాణంలో ఇస్తే, వారు అడక్కుండానే దాన్ని వెండి శుభ్రం చేసే ద్రావకంలో ముంచి తెచ్చి ఇచ్చారు. లోతుల్లోని నలుపంతా పోయి, ఆకులు రేకులో కలిసిపోయి, నగ మొత్తం అల్యూమినియం గరిటెలా తెల్లగా మిగిలింది. చివరికి చేసినవారి దగ్గరికే తీసుకెళ్తే, గంధకం కలిసిన మందుతో మళ్లీ నలుపెక్కించి, ఎత్తైన చోట్ల మాత్రం తుడిచి, లేచిన అంచును కూడా సరిచేసి ఇచ్చారు. అతుకు వేయడానికి, సరిచేయడానికి వీలుగా చేసిన నగకు ఉన్న లాభం అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి దీనికి విబూది, టూత్‌పేస్ట్ తగలనివ్వను. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. తళతళలాడే వెండిని కోరుకునేవారికి ఇది నచ్చదు, పెళ్లిలో పట్టుచీర మీదికి కూడా వెలవెలబోతుంది. రోజూ ఆఫీసుకు వేసుకోవడానికి మాత్రం ఇంతకంటే నమ్మకమైన నగ నా దగ్గర లేదు. కొనదలచినవారు ముందు వేలిని రాయి అంచు చుట్టూ తిప్పి చూసుకోండి, గొలుసుకు కలిపే రింగును కాస్త మందపు తీగతో చేయమని అడగండి. నా లాకెట్టుకు వేసిన రెండో రింగు ఏడేళ్లుగా చెక్కుచెదరలేదు.