ఒకినావాలో చలికాలం డైవింగ్: “ఇవాళ వద్దండీ” అన్న షాపు

సంక్రాంతి తర్వాత జపాన్ వెళ్ళి, ఒకినావాలో స్కూబా డైవింగ్ కూడా చూసొద్దాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. మేం వెళ్ళింది ఒకినావా పెద్ద దీవి పడమటి తీరాన చాతాన్ అనే ఊళ్ళో ఉన్న ఓ చిన్న డైవింగ్ షాపుకి. ఒక వ్యాను, వెనక షెడ్డులో సిలిండర్లు, కొద్దిమంది ఇన్‌స్ట్రక్టర్లు, అంతే. ఐదుకి ఐదు ఇస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు గాలి సంగతి చెప్పాలి.

మాది అంతర్వేది దగ్గర. రొయ్యల చెరువులు చేస్తాం. కార్తీకం వచ్చేసరికి గాలి ఈశాన్యానికి తిరుగుతుందని, అది తిరిగాక సముద్రం ఎలా ఉంటుందో మొగ దగ్గర పడవ వేసేవాళ్ళని చూసి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకినావాలోనూ చలికాలం రాజ్యం ఆ గాలిదే. ఆసియా ఖండం మీద చల్లబడిన గాలి అంతా సముద్రం మీదకి దిగుతుంది. ఆ దీవి 26 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మంచు పడదు, జనవరి సగటు 17 డిగ్రీలు. కానీ ఉత్తరపు గాలి లేచిందంటే ఉత్తరం వైపు, పడమటి వైపు ఒడ్డులు కెరటాలతో నిండిపోతాయి. ఎక్కువమంది వెళ్ళాలనుకునే చోట్లు ఆ వైపే ఉన్నాయి.

అందులో మొదటిది మాయెదా మిసాకి దగ్గరి నీలి గుహ. బయటి వెలుగు నీళ్ళ కింద నుంచి లోపలికి దూరి గుహంతా నీలంగా మెరుస్తుంది. ఫొటోలు చూసి మా అమ్మాయి అదే కావాలంది. టోక్యోలో ఉద్యోగం తనకి, టిక్కెట్లూ హోటలూ అన్నీ తనే చూసింది. షాపు ఎంపిక మాత్రం నేను చూసుకుంటానన్నాను. నాలుగైదు చోట్లకి మెయిల్ రాయించి ఒక్కటే ప్రశ్న అడిగాం: ఆ రోజు ఉత్తరపు గాలి ఉంటే ఏం చేస్తారు? ఒక షాపువాళ్ళు, పేరెందుకు గానీ, “గ్యారంటీగా చూపిస్తాం, ముందు డబ్బు కట్టండి” అన్నారు. సముద్రం గురించి గ్యారంటీ ఇచ్చేవాణ్ణి నేను నమ్మను. చాతాన్ షాపు జవాబు వేరు: “గుహ దగ్గర కెరటాలు లేస్తే అక్కడ మెట్లు మూసేస్తారు. అప్పుడు కొండల చాటున ఉన్న మోతొబు వైపు తీసుకెళ్తాం. అక్కడా బాగా లేకపోతే డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. మీకు వేరే రోజు ఖాళీ ఉంటే చెప్పి ఉంచండి.” ఆ మెయిల్ చదవగానే బుక్ చెయ్యమన్నాను.

ముందు రోజు సాయంత్రమే మెసేజ్ వచ్చింది, ఇవాళ్టి గాలి రేపు కూడా తగ్గదు, రావద్దని. మర్నాడు హోటల్ కిటికీలోంచి చూస్తే ఎండ బ్రహ్మాండంగా ఉంది. మా అమ్మాయికి ఉసూరుమంది. “నాన్నా, ఇంత ఎండగా ఉంటే వద్దంటారేంటి?” అంది. ఎండకీ కెరటానికీ సంబంధం లేదమ్మా అని తీసుకెళ్ళి సునాబె గోడ మీద నిలబెట్టాను. అది ఆ ఊరి సముద్రపు గట్టు, మామూలు రోజుల్లో డైవర్లు అక్కడ మెట్లు దిగి నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోతారు. ఆ రోజు ఒక్కరు దిగలేదు. నీళ్ళు గోడని కొట్టి రోడ్డు మీదకి తుళ్ళుతున్నాయి. ఇలాంటి రోజున బేరం పోతుందని తెలిసీ వద్దన్నారంటే, మా అమ్మాయిని వాళ్ళ చేతికి అప్పగించొచ్చని నాకు ధైర్యం వచ్చింది.

తర్వాతి రోజు గొరిల్లా చాప్ అనే చోటికి తీసుకెళ్ళారు. ఒడ్డున ఓ బండరాయి చెయ్యి ఎత్తిన గొరిల్లాలా ఉంటుంది, అందుకే ఆ పేరు. మోతొబులో ఉంది, చాతాన్ నుంచి వ్యానులో గంటకి పైనే. ఉత్తరపు గాలికి కొండలు అడ్డు కాబట్టి చలికాలంలో దీవిలోని షాపులన్నీ అక్కడికే చేరతాయి. ఒడ్డున జనం ఎక్కువే ఉన్నారు. కానీ నీళ్ళు మా పంట కాలువంత నెమ్మదిగా ఉన్నాయి.

ఇక బయల్దేరేముందు ఇంటి దగ్గరే చూసుకోవాల్సిన పని ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డైవింగ్‌కి ఆరోగ్యం ఫారం నింపాలి. 45 దాటారా, బీపీ ఉందా, ఆస్తమా ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా, ఇలా అడుగుతారు. నాకు 45 దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటాను. అలాంటప్పుడు డాక్టరు సంతకం లేకుండా నీళ్ళలోకి దింపరు, దింపకూడదు కూడా. షాపు వాళ్ళు ఆ ఫారం ముందే మెయిల్‌లో పంపారు. అమలాపురంలో మా డాక్టరుగారు ఈసీజీ తీయించి, గుండె, చెవులు చూసి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. అక్కడికెళ్ళాక జపాన్ ఆస్పత్రిలో ఇదంతా చేయించుకోవడం భాష తెలియనివాళ్ళకి చాలా టెన్షన్. కళ్ళజోడు ఉంటే పవర్ నంబరు కూడా ముందే పంపండి, పవర్ అద్దాలున్న మాస్కు పక్కన పెట్టి ఉంచుతారు. నాకలాగే ఉంచారు.

మీసం ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మాస్కు పై పెదవి మీద అతుక్కోదు, సన్నగా నీళ్ళు వస్తాయి. మా ఇన్‌స్ట్రక్టరమ్మాయి చూడగానే వాజలిన్ డబ్బా తెచ్చి మీసానికి దట్టంగా రాసుకోమంది. బాగా పనిచేసింది.

చలి గురించి అందరూ అడుగుతున్నారు. నీళ్ళు 21, 22 డిగ్రీలుంటాయి. కురోషియో అనే వెచ్చటి ప్రవాహం ఆ దీవుల పక్కగా పోతుంది కాబట్టి చలికాలంలోనూ అంతకంటే పెద్దగా తగ్గవు. అయినా మనకది చలే. నీళ్ళు అంత చల్లబడితే మా చెరువుల్లో రొయ్య మేత తినడం తగ్గించేస్తుంది. ఐదు మిల్లీమీటర్ల మందమున్న వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు సూటు), లోపల టోపీ ఉన్న ఇంకో తొడుగు ఇచ్చారు. నీళ్ళలో ఉన్నంతసేపూ బాగానే ఉంది. పైకి వచ్చాక ఒళ్ళు తడిగా ఉండి గాలి కొడుతుంది చూడండి, అదీ అసలు చలి. షాపు వాళ్ళు వేడినీళ్ళు డబ్బాల్లో తెచ్చి వెట్‌సూట్ మెడలోంచి పోశారు, పెద్ద కోట్లు కప్పారు. ఏ షాపునైనా ముందే అడగండి, పైకొచ్చాక వేడినీళ్ళు, కోటు ఇస్తారా అని.

నేర్పడం మాత్రం ఎంత ఓపిగ్గానో! ముందు నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి గాలి పీల్చడం, నోట్లోంచి గొట్టం ఊడితే పెట్టుకోవడం, మాస్కులోకి వచ్చిన నీళ్ళు ముక్కుతో ఊది పంపడం అన్నీ ఆ ఇన్‌స్ట్రక్టరమ్మాయి చేయించింది. బొటనవేలు పైకెత్తితే పైకి పోదాం అని అర్థమట. బాగుంది అని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. కొత్తవాళ్ళని 12 మీటర్లు దాటి తీసుకెళ్ళకూడదు, మమ్మల్ని అందులో సగమే తీసుకెళ్ళింది. పది మీటర్ల లోతుకి పోతే పైనున్నదానికి రెట్టింపు ఒత్తిడి పడుతుంది, చెవులకి తెలిసేది మొదటి కొన్ని మీటర్లలోనే. ముక్కు మూసి నెమ్మదిగా ఊదుకుంటూ దిగాలి. మా అమ్మాయికి ఒక చెవి పట్టేస్తే, తొందరపెట్టకుండా కొంచెం పైకి తెచ్చి, సర్దుకున్నాకే మళ్ళీ దింపింది. జలుబు ఉంటే మాత్రం ఎంత డబ్బు కట్టినా మానేయండి.

కింద ఏం చూశామో కూడా చెప్పాలి. మా సముద్రం గోదారి తెచ్చే ఒండ్రుతో ఎర్రగా, బురదగా ఉంటుంది. మోకాలి లోతులో కాలు కనిపించదు. ఆ బురద, ఆ మంచినీళ్ళు ఉన్నచోట పగడపు దిబ్బలు పెరగవు. పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే ఉండి, సముద్రం అడుగు ఎలా ఉంటుందో నేను చూడలేదు. అక్కడ ఇసుక మీద పడిన నా నీడ నాకు కనిపించింది. నారింజ రంగు మీద తెల్ల చారలున్న చిన్న చేపలు సీ అనెమొనీలనే పువ్వుల్లాంటి సముద్రజీవుల్లోంచి బయటికొచ్చి మమ్మల్ని తరమబోయాయి. అరచేయంత కూడా లేవు, ఎంత పౌరుషమో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మనిషికి 14 వేల యెన్లు తీసుకున్నారు, మన డబ్బులో సుమారు 8 వేలు. సామాను అద్దె, ఇన్సూరెన్స్, ఫొటోలు అన్నీ అందులోనే. నా లెక్కలో న్యాయమైన ధర. లోటు చెప్పాలంటే భోజనం. దారిలో ఆపిన హోటల్లో కాకరకాయ వేపుడు ఉంది, గోయా చంపురు అంటారు, చాలా ఇష్టంగా తినేవాణ్ణే గానీ అందులో పంది మాంసం కలుపుతారు. అది తినని వాళ్ళు హోటల్ నుంచే ఏదైనా కట్టించుకుని వెళ్ళండి.

రోజులు ఎలా వేసుకోవాలంటే, డైవింగ్ తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకోవద్దు. ఒక్కసారి దిగితే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలి. అదీగాక గాలి వల్ల ఒకటి రెండు రోజులు పోవచ్చు. దిగిన మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే వాయిదాకి చోటుంటుంది. డైవింగ్ చేయనివాళ్ళు మోతొబులోనే ఉన్న చురౌమి అక్వేరియానికి వెళ్ళొచ్చు, మా ఆవిడ మేం నీళ్ళలో ఉన్నంతసేపూ అక్కడే ఉండి తిమింగలం సొరలని చూసింది. జనవరి నుంచి మార్చి దాకా కెరామా దీవుల దగ్గరికి హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి, ఒకినావా ముఖ్య పట్టణం నహా నుంచి పడవలు వెళ్తాయి. మాకు దానికి రోజు మిగల్లేదు. మా మేనల్లుడు ఫిబ్రవరిలో వెళ్తున్నాడు, వాడికి ఇదే షాపు చెప్పాను, ఫారం మీద డాక్టరు సంతకం ఈ వారమే పెట్టించుకోమన్నాను.