లడక్ సంగతి తర్వాత, ముందు తాడిపత్రి దుమ్ము, గువ్వలచెరువు ఘాట్ రోడ్డు

పాత జీపులో లడక్ పోవాలని నేనూ మా బావా అనుకున్నాం. మా అనంతపురం మీదుగా పోయే 44వ నంబర్ హైవే పట్టుకుంటే నేరుగా శ్రీనగర్‌లో తేల్తాం, మ్యాప్ కూడా అక్కర్లేదు. కానీ ఢిల్లీ దగ్గర మా బండికి ఆ రోడ్డు పనికిరాదు. బండి తొంభైల నాటి మహీంద్రా ఎంఎం 540, డీజిల్. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాల్లో, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది, ఆ తర్వాత కోర్టులో మార్పులూ చేర్పులూ నడుస్తానే ఉన్నాయి. ఆర్‌సీ రెన్యువల్ అయింది, ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, అయినా ఏదో టోల్ గేటు దగ్గర నిలబడి వాదించుకునే ఓపిక నాకూ మా బావకూ లేదు. అందుకని ఝాన్సీ దాకా 44 మీదనే పోయి, అక్కడ ఎడమకు తిరిగి శివపురి, కోట, జైపూర్, సీకర్, హనుమాన్‌గఢ్, బఠిండా మీదుగా పఠాన్‌కోట్ చేరుకునేట్టు రూట్ గీసుకున్నాం. చుట్టే, కానీ ఎన్‌సీఆర్ జిల్లా ఒక్కటీ తగలదు.

రూట్ సరే, బండి మాటేంది? ఈమధ్య పాత జీపు కొన్న పిల్లోళ్లు మొదట చేసే పని పైన క్యారియర్, ముందర ఎల్‌ఈడీ బార్, పక్కన జెర్రీ క్యాన్లు. ఫొటోకు బాగుంటాయి. నా లెక్కలో ముందు రేడియేటర్, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత రబ్బరు అనేది ఏదున్నా అది, అంటే హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, బండి కింద స్ప్రింగులుగా ఉండే కమాన్ పట్టీల బుష్‌లు, బ్రేకు వేస్తే షూలను నెట్టే వీల్ సిలిండర్ల కప్పులు, ఇవన్నీ అయినాక డబ్బులు మిగిల్తే లైట్లు చూసుకోవచ్చు. ఎంఎం 540లో ఉండేది 2112 సీసీ ప్యూజో ఇంజన్, గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే టర్బో లేదు, కంప్యూటర్ లేదు, సెన్సర్లతో తలనొప్పి లేదు, మంచి లేత్, మంచి పంపు మెకానిక్ దొరికితే ఏ ఊర్లోనైనా లేచి నిలబడుతుంది. కానీ వేడెక్కనిస్తే మాత్రం ఇంజన్ పైభాగం, అంటే హెడ్ పోతుంది, అదీ దాని బలహీనత.

రేడియేటర్ పని గుత్తి రోడ్డు వైపు ఒక చిన్న షాపులో చేయించినాం. పాతది ఇత్తడి, రాగిది కాబట్టి ట్యాంకులు విప్పి, లోపల రాడ్ పెట్టి పొడిచి, మళ్లీ టంకం వేసి ఇచ్చినాడు, కొత్త అల్యూమినియంది అయితే ఇట్లా బాగుచేయడం కష్టం. పని నీటుగా ఉంది, టైం మాత్రం పొద్దున అంటే రేపు సాయంత్రం అని అర్థం చేసుకోండి. ఇంజన్ పని చూసిన భాయ్‌తో ఒకే ఒక్క విషయంలో గొడవ పడినాం, థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. "ఈ ఎండలకు అది యాడికప్పా, పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటాది" అంటాడు. మన దగ్గర సగం జీపుల్లో అది ఉండదు నిజమే. కానీ లడక్‌లో పొద్దున్నే మంచు పడే చోట థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడానికే అరగంట తీసుకుంటుంది, అంతసేపూ పొగే, డీజిల్ తాగుడే. పట్టుబట్టి కొత్తది వేయించినాం, కూలెంట్ సగం నీళ్లు సగం కలిపి పోయించినాం, చలిలో ఇంజన్ స్టార్ట్ కావడానికి ఉండే నాలుగు హీటర్ ప్లగ్గులూ మార్పించినాం. లడక్‌లోని ఖార్దుంగ్లా కనుమ 5359 మీటర్లు అంటున్నారు, ఆ ఎత్తులో గాలి ఇక్కడి దాంట్లో సగం, టర్బో లేని డీజిల్‌కు అక్కడ పికప్ అడగడమే పాపం, ఫస్ట్ గేర్‌లో నల్ల పొగ వదులుతా ఎక్కుతుంది, దానికి మనమేం చేయలేం.

టైర్ల విషయంలో ఒక మాట. పైన రబ్బరు గుండీలు అరగకుండా బాగున్నాయి కదా అని సెకండ్ హ్యాండ్‌వి కొనొద్దు, టైరు పక్కన నాలుగంకెల నంబర్ చూడండి, 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. నలుపు ఎంత మెరిసినా ఆ రబ్బరు ఎండిపోయి ఉంటుంది.

ఇవన్నీ అయినాక నేరుగా కాశ్మీర్ బయల్దేరడం కాదు, బండి వెనక ఇసుక మూటలు, నీళ్ల క్యాన్లు వేసి, లడక్‌కు ఎంత బరువుతో పోతామో అంత బరువుతో మన సీమలోనే ఒక చుట్టు తిప్పాలనేది బావ ఐడియా. అనంతపురం, తాడిపత్రి, బెలుం, గండికోట, కడప, రాయచోటి, కదిరి, మళ్లీ అనంతపురం. మే నెల. ఈ ఎండలో నిలబడిన బండి ఎండకు ఇంకెక్కడా భయపడదు.

తాడిపత్రి రోడ్డంతా బండల లారీలు, సిమెంటు లారీలు. ఫిల్టర్‌కు దీన్ని మించిన పరీక్ష లేదు. మాది పాత ఆయిల్ బాత్ ఫిల్టర్, కింద గిన్నెలో నూనె ఉంటే దుమ్ము అందులో పడిపోతుంది. తాడిపత్రిలో విప్పి చూస్తే అడుగున బూడిదరంగు బురద. పేపర్ ఫిల్టర్ అయితే కొత్తది వెతుక్కోవాల, ఇది డీజిల్‌తో కడిగి నూనె పోసుకుంటే అయిపోయింది. అక్కడే పెన్న ఇసుకలో ఫోర్ వీల్ లివర్ వేసి చూసినాం, ఏళ్లుగా వాడక బిగుసుకుని, ఇద్దరం లాగితే గానీ పడలేదు. ఇట్లాంటివి ఇంటి ముందే తెలియడం మేలు. పక్కనే బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, ఆ రాతి పని చూడకుండా రావద్దు.

బెలుం గుహలు 3229 మీటర్ల పొడవు, చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు, లోపల ఉక్కకు చొక్కా తడిసి ముద్దవుతుంది. గుహ బ్రహ్మాండం, ఊరు మాత్రం ఖాళీ, పంక్చర్ పడితే కొలిమిగుండ్ల దాకా పోవాల. రాత్రి అక్కడ ఉండే పని పెట్టుకోకుండా గండికోటకు పోవడమే మంచిది.

గండికోటలో రెండు రకాలు, టూరిజం వాళ్ల హరిత హోటల్, లేదంటే ప్రైవేటు టెంట్లు. హరితలో బండి పెట్టుకునే జాగా బాగుంది, కోటకు దగ్గర, శనాదివారాలైతే ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. మాకు దొరకలేదు. టెంట్‌కు పోయినాం, ఫొటోలో లోయ అంచున ఉంటుంది, పోయి చూస్తే లోయ కనపడదు, కంపచెట్లు కనపడతాయి, బాత్రూంలో నీళ్లు రాత్రి పదికి ఆగిపోయినాయి, అడిగితే "ట్యాంకర్ వస్తాంది సార్". అది పొద్దున వచ్చింది. కానీ సూర్యోదయానికి పెన్నా లోయ ఒడ్డున కూర్చున్నంతసేపు ఆ కోపం గుర్తుకు రాలేదు, అది వేరే విషయం. పాత బండితో పోయేవాళ్లకు నా సలహా, రాత్రికి జమ్మలమడుగులో లాడ్జ్ తీసుకుని చీకటితోనే కోటకు రండి, పదిహేను కిలోమీటర్లే, మెకానిక్ కావాలన్నా అక్కడే దొరుకుతాడు.

సర్వీసు పరంగా ఈ చుట్టులో నాకు నచ్చింది కడప. డీజిల్ పంపు కాలిబ్రేషన్, లేత్, కమాన్ పట్టీల పని, అన్నీ నడిచేంత దూరంలో ఉన్నాయి. ఇంజన్ శక్తిని చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులో టక్ టక్ మంటున్న క్రాసును గంటలోపు మార్చినాడు ఒకాయన, పాతది చేతిలో పెట్టి చూపించి మరీ, అట్లా చూపించేవాళ్ల దగ్గరే పని చేయించండి. లాడ్జ్ బస్టాండ్ దగ్గర, ఏసీ రూం 1400, శుభ్రంగా ఉంది, చప్పుడు మాత్రం రాత్రంతా. పొద్దున కారం దోశ ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలి లేదు.

అసలు పరీక్ష గువ్వలచెరువు ఘాటు. కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు ఎక్కుడు, మధ్యాహ్నం రెండు గంటలకు కావాలనే ఎక్కించినాం, సెకండ్ గేర్, లారీ వెనకాల, టెంపరేచర్ ముల్లు తొంభై దగ్గర ఆగింది, అంతకు మించి కదల్లేదు. పైన పాలకోవా తిని, మళ్లీ వెనక్కి తిప్పి అదే ఘాటు దిగినాం. రాయచోటికి పోయేవాళ్లు కడప వైపు ఎందుకు దిగుతున్నారని కోవా అంగడాయనకు అనుమానం వచ్చింది. మా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అవి వేడెక్కితే పెడల్ తొక్కినా పట్టు ఉండదు, అందుకే దిగేటప్పుడు గేర్‌తో ఆపాల, బ్రేకు అవసరానికి మాత్రమే. కింద ఆగి చెయ్యి పెట్టి చూస్తే మూడు డ్రమ్ములు ఒకే వేడి, వెనక ఎడమది చల్లగా ఉంది. అంటే అది పని చేయడం లేదు. విప్పితే వీల్ సిలిండర్ బిగుసుకుపోయి ఉంది. ఊర్లో రోజూ తిరిగే బండిలో ఇది ఎప్పటికీ బయటపడదు.

రాయచోటిలో వెనక సిలిండర్లు రెండూ మార్పించి, బ్రేక్ ఆయిల్ మొత్తం వంచేసి కొత్తది పోయించినాం. అక్కడి నుంచి కదిరి రోడ్డులో చెప్పడానికేం లేదు, కదిరిలో లక్ష్మీ నరసింహస్వామి దర్శనం, ఆ తర్వాత ముదిగుబ్బ మీదుగా ఇల్లు. మైలేజీ బరువుతో లీటరుకు పది, పదకొండు మధ్య వచ్చింది. స్టీరింగ్‌లో ఇంకా కొంచెం ఆట, అంటే వదులు, ఉంది, బాక్స్ విప్పాలంటున్నాడు భాయ్. పాత వీల్ సిలిండర్లలో బాగున్నదాన్ని కొత్త రబ్బరు కిట్ వేయించి స్పేర్ల పెట్టెలో పడేసినాం, దాంతో పాటు ఫ్యాన్ బెల్టు, క్రాసు, పై హోసు, కింది హోసు, ఒక లీటరు తొంభై నంబర్ గేర్ ఆయిల్. ఎల్‌ఈడీ బార్ వేయించుకుందామా అని బావ ఇంకా అడుగుతానే ఉన్నాడు.