ఈ మదర్‌బోర్డులో ‘ఆటో’ను నమ్మొద్దు: ఐదేళ్ల వాడకం, ఒక్క బయోస్ అప్‌డేట్

కోపమంతా ఒక్క మాట మీదనే. ఆటో. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) తెరిస్తే సగం గడుల్లో అదే ఉంటది, అంటే ఏది పెట్టాల్నో బోర్డే చూసుకుంటదని. నల్గొండ గడియారం సెంటర్లో ఆటో ఎక్కితే ఎటు పోతదో డ్రైవర్ ముందే చెప్తడు. ఈ బోర్డులో ఆటో మాత్రం వెర్షన్ మారినప్పుడల్లా దారి మార్చుకుంటది, ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

ఏఎం4 సాకెట్, బీ550 చిప్‌సెట్. 2020 నుంచి రైజెన్ 5 3600 ప్రాసెసర్‌తో నెట్ సెంటర్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నడుస్తున్నది. పోర్టులు, స్లాట్ల లెక్క డబ్బా మీదనే ఉంటది, దాని జోలికి పోను. నాలుగేళ్ల దాకా ఎవరడిగినా ఇదే కొనమని చెప్పిన. కారణాలు రెండు: మే నెల ఎండల్లో కూడా వేడికి ఆగింది లేదు, బయోస్ సెట్టింగులన్నీ ప్రొఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. ఆ రెండో మెప్పును ఇప్పుడు జర తగ్గించుకోవాలె.

రైజెన్ 7 5700ఎక్స్ వేద్దామని బయోస్ మార్చుడు మొదలైంది. పాత వెర్షన్‌కు ఆ ప్రాసెసర్ తెలియదు. యూపీఎస్ మీద పెట్టి, ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిస్తే నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. కొత్త ప్రాసెసర్ ఇంకా డబ్బాలోనే ఉంది, క్రాష్‌లు పాత 3600 మీదనే మొదలైనయి. ఇది గుర్తు పెట్టుకోండి, లేకపోతే నేరం ప్రాసెసర్ మీద పడేది.

మొట్టమొదట విండోస్ ఉన్న డిస్కే కనపడలేదు. ఇది క్రాష్ కాదు, భయం మాత్రం దానికంటే ఎక్కువ. అప్‌డేట్ తర్వాత సెట్టింగులన్నీ మొదటికి పోతయి, కొత్త వెర్షన్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సెట్టింగు) ఆపేసి ఉంది. పాత పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత రకం విభజన ఉన్న డిస్కు మీద వేసిన విండోస్ అయితే ఇగ బూట్ లిస్టులోకే రాదు. ఇక్కడే చాలామంది ‘డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలె’ అంటరు. కొట్టొద్దు. బూట్ మెనూలో సీఎస్‌ఎం ఆన్ చేస్తే విండోస్ యథావిధిగా లేస్తది. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సౌకర్యం) వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది: అప్‌డేట్‌కు ముందే దాన్ని సస్పెండ్ చెయ్యకపోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతది.

ఇగ అసలు గొడవ. రోజుకు రెండు మూడు నీలి స్క్రీన్లు (విండోస్ కూలినప్పుడు వచ్చేవి), అవి కాక నాలుగైదు సార్లు ఏ స్క్రీనూ లేకుండా ఉట్టిగనే రీస్టార్ట్. రెండూ ఒకే జబ్బు అనుకుంటే వారం రోజులు నష్టపోతరు. వేరుచేసే చోటు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్. విండోస్ లాగ్స్, సిస్టమ్‌లోకి పోయి కెర్నల్-పవర్ 41 అన్న ఎర్ర గుర్తును తెరిచి, డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (ఎందుకు కూలిందో చెప్పే అంకె) చూడాలె. అక్కడి అంకె మామూలు పదుల లెక్కలో ఉంటది, వెతికేటప్పుడు మాత్రం దాన్ని హెక్స్‌లోకి (పదహార్ల లెక్కలోకి) మార్చుకోవాలె. 26 అంటే 0ఎక్స్1ఏ, మెమొరీ మేనేజ్‌మెంట్. 292 అంటే 0ఎక్స్124, హార్డ్‌వేర్ లోపం. సున్నా ఉంటే విండోస్‌కు చావు కబురు రాసే టైమ్ కూడా దొరకలేదని అర్థం. కరెంటు వైపు, బోర్డు వైపు చూడాలె. ఇందులో కొన్ని 26లు, మిగతావన్నీ సున్నాలు.

26ల కథ ర్యామ్ దగ్గర తేలింది. 8 జీబీ కర్రలు రెండు, డీడీఆర్4, 3200. అప్‌డేట్ కాగానే పాత ప్రొఫైల్‌ను పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ లోడ్ చేసిన. బోర్డు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా తీసుకుంది. తర్వాత మెమొరీ పేజీని ఒక్కో గడీ చూస్తే స్పీడు 3200, టైమింగ్‌లు 16-18-18-38, అంతా సరే. వోల్టేజీ గడిలో మాత్రం ఆటో, పక్కన చిన్న అక్షరాల్లో 1.20. ఆ కర్రలకు ఆ స్పీడులో కావాల్సింది 1.35. అంటే బరువంతా మోపి, తిండి సగమే పెట్టినట్టు. లేస్తది, డెస్క్‌టాప్ వస్తది, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచినంక కూలబడతది. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే మొదటి పాస్ అయ్యేలోపే ఎర్రర్ల లెక్క పెరుగుడు షురూ అయింది.

పరిష్కారం చిన్నదే. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, క్లియర్ సీమాస్ పిన్నులు (బయోస్ సెట్టింగులను చెరిపేవి) రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపాలె. తర్వాత డీఫాల్ట్‌లు లోడ్ చేసి, ఎక్స్‌ఎంపీని (ర్యామ్‌కు దాని కంపెనీ చెప్పిన స్పీడు, వోల్టేజీ పెట్టేది) కొత్తగా ఆన్ చేసి, 1.35 పడిందో లేదో కంటితో చూడాలె. పాత ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్ మీద ఎక్కించొద్దు. సెట్టింగుల ఫొటోలు తీసిపెట్టుకుని చేత్తో కొట్టుకోండి, పావుగంట పని. మొదటిసారి లేచేటప్పుడు ఫ్యాన్లు తిరిగి స్క్రీను ఒకట్రెండు నిమిషాలు నల్లగా ఉంటది, రెండు సార్లు తనంతట తనే ఆగి లేస్తది. అది ర్యామ్‌ను సరిచూసుకునుడు, తొందరపడి స్విచ్ ఆపొద్దు. పిన్నులకు బదులు సీఆర్2032 సెల్లు తీస్తే తేదీ కూడా వెనక్కి పోతది, అప్పుడు బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు. ‘నెట్ పోయింది’ అనుకునేముందు మూలన గడియారం చూడండి. దీని తర్వాత మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ సున్నా ఎర్రర్లతో ముగిసినయి, నీలి స్క్రీన్లు మళ్ల రాలేదు.

సున్నాలు మాత్రం ఆగలేదు. వాటిలో విచిత్రం ఏందంటే పని ఎక్కువున్నప్పుడు ఒక్కసారి కూడా పడదు. గంటసేపు ప్రైమ్95 పెట్టి ప్రాసెసర్‌ను ఉడికించినా కదలదు. దోస్త్ (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల) దరఖాస్తు నింపి, ఓటీపీ కోసం పిల్లగాడు ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూసే ఆ అర నిమిషంలోనే స్క్రీను ఠక్కున నల్లబడతది. అర్జీ మొత్తం మళ్ల మొదటి నుంచి. వేడి కాదు, ఖాళీగా ఉండుడే దీని రోగం.

ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ కోర్లను నిద్రపుచ్చుతది, అప్పుడు 12 వోల్ట్ లైను మీద లాగే కరెంటు బాగా పడిపోతది. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బాలు) అంత తక్కువ లోడు మీద నిలకడగా ఉండవు. ఆ సంగతి తెలిసే బయోస్‌లో ఒక గడి పెట్టిన్రు: అడ్వాన్స్‌డ్, ఏఎండీ సీబీఎస్, అందులో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్. మూడు ఎంపికలు: ఆటో, లో కరెంట్ ఐడిల్, టిపికల్ కరెంట్ ఐడిల్. పాత వెర్షన్‌లోనూ ఆటో, కొత్త దాంట్లోనూ ఆటో, ప్రవర్తన మాత్రం వేరు. టిపికల్ పెట్టినంక మూడు రోజులు ఒక్క రీస్టార్ట్ లేదు. నిర్ధారణ కోసం మళ్ల ఆటోకు మార్చితే అదే రోజు మధ్యాహ్నం పడింది. మళ్ల టిపికల్, మళ్ల శాంతి. ఖాళీగా ఉన్నప్పుడు కొద్ది వాట్లు ఎక్కువ తింటది, గంతే. కంపెనీ రిలీజ్ నోట్‌లో ఈ మార్పు గురించి ఉన్నది ఒకే ఒక్క లైను: స్థిరత్వం మెరుగుపరిచినం.

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట చెప్పాలె. ఆ ఎస్‌ఎంపీఎస్ ఏడేళ్ల నాటిది, రోజూ కరెంటు పోయి వచ్చుడు చూసింది. తర్వాత కొత్తది వేసి ఆటో పెట్టి చూస్తే రెండు వారాలు ఏమీ కాలేదు. అంటే లోపం పుట్టింది ఫర్మ్‌వేర్‌లో (బయోస్‌లో) కాదు, అది బయటపెట్టింది అంతే అనవచ్చు. అయినా కోపం పోలేదు. గడిలో ఆటో అని రాసి పక్కన ఇప్పుడు ఏది నడుస్తున్నదో చూపితే మూడు వారాల పరేషాన్ మూడు నిమిషాల్లో తేలేది. వోల్టేజీ గడికి అట్ల చూపుతరు కదా, దీనికెందుకు చూపరు?

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది, వెనక పక్కన, బయోస్‌ను బయటి నుంచే ఎక్కించే చిన్న ఫ్లాష్‌బ్యాక్ బటన్. బయోస్ లోపలి నుంచి పాత వెర్షన్‌కు పోదామంటే ఒప్పుకోలేదు. ఫైలుకు మాన్యువల్లో చెప్పిన పేరు పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి, 24 పిన్నుల, 8 పిన్నుల కరెంటు కేబుళ్లు తగిలించి బటన్ మూడు సెకన్లు నొక్కితే, లైటు ఆరేడు నిమిషాలు మిణుకుమని ఆగిపోయి పాత వెర్షన్ వచ్చి కూర్చుంది. దాని మీద రెండు రోజులు నడిపి చూస్తే సున్నాలు లేవు. ఆటో మీద అనుమానం గట్టిపడింది అప్పుడే.

‘ఇగ అప్‌డేటే వద్దు’ అనలేను. ఎఫ్‌టీపీఎం (ఫర్మ్‌వేర్‌లోని సెక్యూరిటీ భాగం) వల్ల సౌండు తెగి మౌసు ఆగిపోయే సమస్యను ప్రాసెసర్ కంపెనీ ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది, అది పోయింది కొత్త ఫర్మ్‌వేర్‌తోనే. బూట్ లోగో బొమ్మ ద్వారా చొరబడనిచ్చే లోగోఫెయిల్ అనే లోపం 2023 డిసెంబరులో బయటపడ్డది, దానికి మందు కూడా అప్‌డేటే. కొత్త ప్రాసెసర్ వేసేది లేక, ఇంట్లో పిల్లల చదువుకు వాడే సిస్టమ్ అయితే తొందర అక్కర్లేదు. యూపీఎస్ ప్లగ్ తీసి పది సెకన్లు కూడా ఆగకపోతే ముందు దాని బ్యాటరీ మార్చండి, అప్‌డేట్ తర్వాత.

ఈ బోర్డు మళ్ల కొంటరా అంటే, ఇదే ధరకు, కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో అయితే కొనొచ్చు. ప్రస్తుతం కొత్త వెర్షన్ మీదనే, 5700ఎక్స్‌తో, టిపికల్ పెట్టి నడుస్తున్నది. ఎస్‌ఎంపీఎస్ మారినా ఆ గడిని ఆటోకు తిప్పలేదు. ఫ్యాన్ల వేగం కూడా చేత్తోనే పెట్టింది. అప్‌డేట్ దాన్ని కూడా ఆటో చేసిందని మే నెలలో చప్పుడు విన్నప్పుడు గానీ తెలియలేదు.