డీవీడీ స్టైలర్: ఇంటి వీడియోలకి ఇది చాలు, సెట్టింగులు మాత్రం మనమే చూసుకోవాలి

ఫోన్లో, పాత హ్యాండీక్యామ్‌లో, ఎప్పటివో పెళ్ళి సీడీల్లో చెల్లాచెదురుగా పడున్న ఇంటి వీడియోలన్నీ ఒకచోట చేర్చి, ప్లేయర్‌లో వేయగానే మెనూతో సహా ఆడే డీవీడీ చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ డీవీడీ స్టైలర్. పైసా ఖర్చు లేదు, వీడియో మీద వాటర్‌మార్క్ వేయదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. నన్నడిగితే ఈ పనికి డబ్బులు పెట్టి వేరేది కొనక్కర్లేదు. కాకపోతే అది అడిగిన ప్రతిదానికీ ఓకే కొట్టుకుంటూ పోతే వచ్చే డిస్కు చూడబుద్ధి కాదు, అందుకే ఇంత రాస్తున్నా.

అసలు మీకు డీవీడీ కావాలా అన్నది ముందు చూసుకోండి. టీవీకి యూఎస్‌బీ పోర్టు ఉండి, చూసేవాళ్ళకి పెన్‌డ్రైవ్ పెట్టడం వస్తే ఈ తలనొప్పి వద్దు, ఎంపీ4 ఫైళ్ళు కాపీ చేసి ఇచ్చేయండి. బొమ్మ కూడా అదే బాగుంటుంది. డీవీడీ ఎంత బాగా చేసినా 720×576 చుక్కల దగ్గర ఆగిపోతుంది, ఫోన్ తీసే 1920×1080తో పోలిస్తే లెక్కకి సరిగ్గా ఐదో వంతు. కానీ మా అత్తయ్యగారి లాంటివాళ్ళు ఉంటారు కదా, డిస్కు పెట్టాలి, ప్లే నొక్కాలి, మనవడు కనబడాలి, అంతే. ఆవిడ ప్లేయర్‌కి యూఎస్‌బీ ఉంది గానీ అది ఫోన్ వీడియోల్ని ఆడదు. ఆ కాలం ప్లేయర్లు ఎక్కువగా డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ రకం ఫైళ్ళకే సరిపోయాయి, ఇప్పటి ఫోన్లు తీసేవి హెచ్.264, హెచ్.265 అనే వేరే రకాలు. ఇంకో సంగతి, ఎంపీ4లని విండోస్‌లో నేరుగా డిస్కు మీదకి లాగి బర్న్ కొడితే అది డేటా డిస్కు అవుతుంది తప్ప డీవీడీ వీడియో కాదు. ప్లేయర్ వెతికేది వీడియో టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఎంపెగ్-2కి మార్చిన వీడియో. ఆ మార్చడం, ఆ ఫోల్డరు కట్టడం, బర్న్ చేయడం మూడూ ఒకేచోట చేస్తుంది కాబట్టే ఈ సాఫ్ట్‌వేర్ నాకు నచ్చింది. విండోస్ 7 దాకా హోమ్ ప్రీమియం, అల్టిమేట్ వాళ్ళకి డీవీడీ మేకర్ అని ఒకటి లోపలే వచ్చేది, విండోస్ 8 నుంచి తీసేశారు.

ఇక అసలు విషయం. కొత్త ప్రాజెక్టు తెరవగానే పాల్ కావాలా, ఎన్‌టీఎస్‌సీ కావాలా అని అడుగుతుంది. రెండూ పాత టీవీ పద్ధతులు, పాల్‌లో సెకనుకి 25 ఫ్రేములు (బొమ్మలు), ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 30. మన దేశం పాల్ కదా అని అందరూ అదే పెడతారు. పాత టేపులకి, పెళ్ళి సీడీలకి అది కరెక్టే, అవి సెకనుకి 25 ఫ్రేములతోనే తీసినవి. ఫోన్లు మాత్రం మామూలుగా 30 ఫ్రేములు తీస్తాయి. 30ని 25కి దించాలంటే ప్రతి ఆరింటిలో ఒక ఫ్రేము తీసేయాల్సిందే. పిల్లాడు ఉయ్యాల ఊగుతుంటేనో, ఎవరైనా కెమెరా ముందు నుంచి అడ్డంగా నడుచుకుంటూ వెళ్తేనో సెకనుకి ఐదుసార్లు సన్నగా కుదిపినట్టుంటుంది. ఎందుకో చెప్పలేం గానీ చూస్తుంటే కళ్ళు లాగుతాయి. మొత్తం ఫోన్ క్లిప్పులే అయితే ఎన్‌టీఎస్‌సీ పెట్టండి. సైజు 720×480కి తగ్గుతుంది, ఆ తేడా ఎవరూ పట్టించుకోరు, కదలిక మాత్రం నున్నగా వస్తుంది. ఇక్కడ అమ్మిన ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడతాయి, అయినా ఒక డిస్కు చేసి వాళ్ళింట్లో వేసి చూసుకున్నాకే మిగతావి చేయడం మంచిది. ఇకముందు తీయబోయేవి పాల్‌లోకే కావాలంటే ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే ఆప్షన్ ఉంది, 25తోనే తీసుకోవచ్చు.

ఫోన్ క్లిప్పులతో ఇంకో తంటా ఉంది, ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. వెలుతురు తగ్గితే ఫోను తనంతట తానే ఫ్రేములు తగ్గించుకుంటుంది. రాత్రి బారసాల వీడియో ఒక్కటే క్లిప్పుగా అరగంట తీశారనుకోండి, మొదట్లో బాగానే ఉన్న మాట చివరికొచ్చేసరికి పెదాలతో కలవకపోవచ్చు. అలాంటి క్లిప్పుని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఒకసారి మార్చి, తర్వాత ఇందులో వేయాలి. హ్యాండ్‌బ్రేక్ కూడా ఉచితమే, కానీ అది డీవీడీ చేయదు, ఈ ఒక్క పనికే. నిలువుగా తీసిన క్లిప్పులు అయితే తెర మధ్యలో మూడో వంతు వెడల్పులో కనబడి రెండువైపులా నల్లగా ఉంటాయి. దాన్ని అలాగే వదిలేయండి, క్రాప్ చేస్తే తలలు పోతాయి.

ఒక డిస్కులో ఎంత పడుతుంది? మామూలు డీవీడీ 4.7 జీబీ, కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది. గంట వీడియోకి బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకి వాడే డేటా, 8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దాకా ఇవ్వొచ్చు, చక్కగా ఉంటుంది. రెండు గంటలు పెడితే ఆడియోతో కలిపి 5కి కాస్త పైన వస్తుంది, పర్వాలేదు. మూడు గంటలు కుక్కితే మూడున్నర కూడా దాటదు, ఇక పట్టుచీర జరీ అంతా గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. బిట్‌రేట్ ఆటోలో ఉంటే అది పట్టేదాకా కుక్కేస్తుంది, క్వాలిటీ పడిపోయిందని గట్టిగా చెప్పదు. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. బొమ్మ బాగుండాలంటే గంటన్నర దాటితే రెండో డిస్కు తీయండి.

పెళ్ళి వీడియో సీడీల విషయంలో మాత్రం లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 2000ల్లో పెళ్ళైన ఏ ఇంట్లో చూసినా మూడు నాలుగు డిస్కుల కవరు ఒకటి ఉంటుంది, సగం గీతలు పడి. వాటిలో ఉన్నది 352×288 ఎంపెగ్-1. ఎంపెగ్-2 కాకపోయినా ఆ వీడియో ఉన్నదున్నట్టుగా డీవీడీలో చెల్లుతుంది, ఆడియోని మాత్రం 48 కిలోహెర్ట్జ్‌కి మార్చాలి. సీడీలోని డీఏటీ ఫైలు ఇందులో వేసి, ప్రాపర్టీస్‌లో వీడియోకి కాపీ అని పెడితే చాలు, క్వాలిటీ రవ్వంత కూడా తగ్గదు. నాలుగు డిస్కుల పెళ్ళి ఒక్క డీవీడీలో పట్టేసి ఇంకా చోటు మిగులుతుంది. మా అక్క ఇవే సీడీలు ఒక స్టూడియోలో ఇస్తే "హెచ్‌డీ చేసిస్తాం మేడమ్" అని డిస్కుకింత అని తీసుకున్నారు. చేసిందల్లా పాత టీవీ ఆకారంలో ఉన్న 4:3 బొమ్మని వెడల్పు టీవీ ఆకారమైన 16:9కి సాగదీయడం. మా బావ ముఖం, బాసికం, తలంబ్రాల పళ్ళెం అన్నీ అడ్డంగా వెడల్పయ్యాయి. లేని చుక్కల్ని ఎక్కణ్ణుంచి తెస్తారండీ? మీరు చేసేటప్పుడు ఆస్పెక్ట్ రేషియో 4:3 ఉందో లేదో చూసుకోండి.

మెనూ టెంప్లేట్లు పాతకాలం నాటివి, వాటి జోలికి పోకుండా మంచి ఫ్యామిలీ ఫొటో ఒకటి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకోవడమే నయం. తెలుగులో పేరు కావాలంటే ఆ ఫొటో మీదే రాయించి పెట్టండి. బటన్లు అంచులకి ఆనించొద్దు, పాత డబ్బా టీవీలు చుట్టూ కొంత కోసేస్తాయి.

చివర్లో బర్న్ బాక్సు వచ్చినప్పుడు నేరుగా బర్న్ పెట్టకుండా ఐసో ఇమేజ్, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, చేయమనండి. హార్డ్‌డిస్కులో పది జీబీ ఖాళీ ఉంచండి. పాత ల్యాప్‌టాప్ అయితే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. పొద్దున్న ఆ ఐసోని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి మెనూ, సౌండు చూసుకుని, అప్పుడు డిస్కు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే బయట నుంచి తగిలించే యూఎస్‌బీ రైటర్ కొనాలి, దానికి స్పీడు 4 పెడితే చాలు. పాత ప్లేయర్లకి డీవీడీ ప్లస్ ఆర్ (DVD+R) రకం డిస్కు కన్నా డీవీడీ మైనస్ ఆర్ (DVD-R) నయం. డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళాక వీధి చివర షాపుల్లో దొరికేవి ఏ రకమో చెప్పలేం, వెర్బాటిమ్ బ్రాండు దొరికితే తీసుకోండి. డిస్కు మీద పేరు బాల్‌పెన్నుతో కాదు, మార్కర్‌తో రాయండి. ఐసో ఫైలు డిలీట్ చేయొద్దు, ఒకరికిస్తే ఇంకో ఇద్దరు అడుగుతారు.