చీరల పేజీ చూసిపెట్టే సర్వీసు: డబ్బులు దండగ కాలేదు
మంగళగిరి చీరలమ్మే మా కొట్టుకి సగం గిరాకీ ఫేస్‌బుక్ లైవ్‌ నుంచే. 2025 ఫిబ్రవరిలో లైవ్ వీడియోలు ఇక 30 రోజులే ఉంటాయని, పాతవి దించుకోకపోతే పోతాయని ఫేస్‌బుక్ చెప్పేసరికి టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే మా కస్టమర్లు ఎప్పటిదో లైవ్ వెతికి మరీ స్క్రీన్‌షాట్ పంపి "ఈ నిజాం బోర్డర్ ఇంకా ఉందా అక్కా" అని అడుగుతారు. అందుకే ఊళ్లో పేజీలు చూసిపెట్టే ఒక చిన్న సర్వీసుకి అప్పజెప్పాం. పని మాత్రం బాగా చేశారు. పాత లైవ్‌లన్నీ హార్డ్ డిస్క్‌లోకి దించి, ఒక్కో చీర చూపించిన భాగాన్ని విడిగా కత్తిరించి రీల్స్ చేశారు. ఇన్‌స్టాలో ప్రొఫైల్ గడులు చతురస్రం నుంచి నిలువుగా మారాక పక్కలు తెగి మా రేట్లు సగమే కనిపించేవి (1,850 కాస్తా 185 అయింది, బేరాలు చూడాలి!), ఆ కవర్లూ సరిచేశారు.

నచ్చనివీ ఉన్నాయి. సాయంత్రమైతే ఫోనెత్తరు, క్యాప్షన్లన్నీ ఒకే మూస. మొదట్లో పాస్‌వర్డే అడిగారు, నేనివ్వలేదు. పేజీ యాక్సెస్ ఇస్తే చాలు, మీరూ అంతే చేయండి. ఫీజు మా స్థాయికి కాస్త ఎక్కువే, అయినా దసరా దాకా ఉంచుతున్నాం.