‘ఏం వండుతున్నారమ్మా?’ అని అడిగే మాంసం కొట్టు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మాంసం కళ్లెదుటే కోస్తారు, కావలసినంతే తెచ్చుకోవచ్చు, కొసరు వేస్తారు. పాతకాలపు మాంసం కొట్టు గురించి ఇవి అందరూ చెప్పేవే, నేను మళ్లీ చెప్పను. కొన్నేళ్లుగా అదే కొట్టుకు వెళ్తున్నానంటే దానికి అసలు కారణం కత్తి ఎత్తేముందు కొట్టతను అడిగే ఒక్క ప్రశ్న. ‘ఏం వండుతున్నారమ్మా?’

ఊరికే పలకరింపుగా అడిగేది కాదది. జవాబును బట్టి అతని చెయ్యి వేరే చోటికి వెళ్తుంది. సన్నమంట మీద చాలాసేపు ఉడికేదంటే మెడ, భుజం, పిక్క. పెనం మీద త్వరగా అయిపోయేదంటే వెన్ను పక్క కండ. నాలాగే చాలామంది తొడ అడుగుతారు, కొవ్వు తక్కువగా, చూడ్డానికి నిండుగా ఉంటుందని. ‘దేనికి?’ అంటాడు. నడవడానికీ నిలబడడానికీ ఎక్కువ పనిచేసిన కండలో కొల్లాజెన్, అంటే కండను పట్టి ఉంచే గట్టి మాంసకృత్తి, ఎక్కువ. తడిలో గంటలకొద్దీ ఉడికితే అది కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క వదులై పులుసు చిక్కబడుతుంది. తొడలో పైభాగపు కండను అంతసేపు ఉడికిస్తే కరగడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు, పీచులా మిగులుతుంది. ఈ మాటలేవీ అతను చెప్పలేదు. అతను చెప్పింది ‘పిక్క తీసుకోండి’ అన్నంతవరకే.

నన్ను ఆ కొట్టుకు కట్టిపడేసింది మాత్రం వేరే సంగతి. ఆ రాత్రి ఇంటికి భోజనానికి మనుషులొస్తున్నారు. పొద్దున్నే వెళ్లేసరికి కొక్కేనికి అప్పుడే తగిలించిన మేక ఉంది, ఇంకా వెచ్చదనం పోలేదు. ఇంతకన్నా తాజాది ఎక్కడ దొరుకుతుందని, ‘అన్నా, అందులోంచే ఇవ్వు’ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ‘ఈ రాత్రికైతే అది వద్దమ్మా. లోపల నిన్నటిది ఉంది, అదిస్తాను.’

నిన్నటి సరుకు అంటగట్టాలనుకునేవాడు దాన్ని ఇవాళ్టిదని చెప్పి అమ్ముతాడు. నిన్నటిదని నోటితో చెప్పి మరీ అమ్ముతున్నవాణ్ణి అదే మొదటిసారి చూడడం. అయినా అనుమానం అనుమానమే కదా. రెండూ సగం సగం ఇమ్మన్నాను. నవ్వాడు. రెండు పొట్లాలు కట్టి, కలిసిపోకుండా నిన్నటిదాని దారానికి ఇంకో ముడి వేశాడు.

సాయంత్రం రెండు గిన్నెల్లో వండాను. ముక్కల సైజు ఒకటే, ఉప్పూ కారం ఒకటే, మంట ఒకటే. పొద్దున్నే కోసిన మాంసం గిన్నెలో పడగానే ముడుచుకుంది. చదరంగా కోసిన ముక్కలు గుండ్రంగా బిగుసుకుని కూర్చున్నాయి. రెండో గిన్నెలో ముక్క గరిటె అంచుకి విడిపోయే వేళకి కూడా వీటిని పళ్లతో లాగాల్సి వచ్చింది. ఇంకో గంట పొయ్యి మీద ఉంచినా మెత్తబడలేదు, మరింత ఎండిపోయాయంతే. వచ్చినవాళ్లకి రెండో గిన్నె ఒక్కటే వడ్డించాను.

దీని వెనక ఉన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. ప్రాణం పోయాక కండలో మిగిలిన శక్తి కొన్ని గంటల్లో ఖర్చయిపోతుంది. శక్తి ఉన్నంతవరకే కండపోగులు ఒకదాన్నొకటి వదలగలవు, అది అయిపోతే పట్టుకున్నచోటే బిగుసుకుంటాయి. ఆలోగా ఆమ్లం పెరిగి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 7 దగ్గర్నుంచి 5.5 దాకా దిగుతుంది. ఆ బిగువు తర్వాత మెల్లగా సడలుతుంది, కండలోనే ఉండే ఎంజైములు పోగుల్ని లోపల్నుంచి కొరుకుతూ పోతాయి కాబట్టి. అంటే చల్లగా ఉంచిన ఒక రోజు మాంసాన్ని పాడుచేయదు, అదే మెత్తబరుస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: గొర్రె, మేక కండ బిగుసుకోకముందే 10 డిగ్రీల కిందికి చల్లబడితే పోగులు విపరీతంగా కుంచించుకుపోతాయి. వెచ్చటి మాంసాన్ని చిన్న ముక్కలు కొట్టించి, ఇంటికి రాగానే ఫ్రీజర్లో పడేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పైన కుక్కర్ని తిడతారు. ఎముకకు అంటుకుని ఉన్న కండ అంతగా కుంచించుకోలేదు, ఎముక దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే అతను పెద్ద ముక్కను ఎముకతోనే ఉంచి, మర్నాడు కొడతాడు.

ఇక రెండో వైపు. ప్రతిసారీ అడుగుతాడన్నట్టు రాశాను గానీ, సెలవు రోజు పొద్దున అడగడు. వరసలో పదిమంది ఉంటే ముందున్నవాడికి ఏది కొట్టాడో మనకీ అదే. అతను లేని రోజు మొద్దు దగ్గర కూర్చునే కుర్రాడు అసలే అడగడు. ఎముక మీద వాడి కత్తి ఒకేచోట రెండుసార్లు పడదు, పులుసులో సన్నటి ఎముక పెంకులు తేలుతాయి. ఒకసారి ఇంట్లో పెద్దాయన చిగుట్లో అలాంటిదొకటి గుచ్చుకుంది. అప్పట్నుంచి వాడున్న రోజు పిక్కను కొట్టించకుండా నిండుగా తెచ్చుకుని, ఉడికాకే ఎముక తీసేస్తున్నాను. రంపంతో కోసే చోట ఈ బాధ ఉండదు, ఎముక పొడిని కడుక్కుంటే చాలు.

‘నిన్నటిది’ గురించి కూడా ఒక మాట. లోపలి పెట్టె నిజంగా చల్లగా, అంటే 4 డిగ్రీల్లోపు ఉన్నప్పుడే ఆ మాటకు విలువ. పొద్దంతా కరెంటు లేని ఒక రోజు అదే మాట, అదే నవ్వుతో అన్నాడు. పెట్టె తీసి చూపించమంటే కొంచెం మొహం మాడ్చుకున్నాడు. ఉత్త చేతులతో వచ్చేశాను. ఇప్పుడు తలుపు తెరిచినప్పుడల్లా ఆ గాలి చెయ్యికి తగిలేలా దగ్గరగా నిలబడతాను. మర్యాద కాదేమో, అలవాటైపోయింది.

కైమా అక్కడ తీసుకోవడం దాదాపు మానేశాను. ముక్కకి సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, వేడి తగలగానే పోతాయి. మరపట్టిస్తే ఆ పైది లోపలికి, లోపలిది పైకి వస్తుంది. అందుకే ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నుంచి అయిదు రోజులు ఆగినా కైమా ఒకటి రెండు రోజులకు మించి ఆగదు, వండినప్పుడు కూడా మధ్యలో 71 డిగ్రీలకు చేరాలి. పొద్దున కడిగిన మరలో మొదటి వాయి నాదైతే సరే. మధ్యాహ్నానికి అందులో ఏమేం పడ్డాయో ఎవరికి తెలుసు?

మరి వెళ్లమంటానా? నాకు కొట్టు నడిచే దూరంలో ఉంది, పొద్దుటిపూట తీరిక ఉంది, సన్నమంట మీద వండడం ఇష్టం. ఈ మూడూ ఉన్నవాళ్లకి నిస్సంకోచంగా చెబుతాను. మా చెల్లెలు రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి అరగంటలో వంట ముగించాలి. తను ట్రేల్లో ప్యాక్ చేసిందే కొంటుంది. ఆ ట్రేలో ఎర్రటి నీళ్లు చూసి నెత్తురనుకుని చాలామంది వెనకాడతారు గానీ, అది నీళ్లలో కలిసిన మయోగ్లోబిన్, అంటే కండకు ఎరుపునిచ్చే మాంసకృత్తి. దాని మీద తేదీ ఉంటుంది, ముక్క సమంగా ఉంటుంది. ఏం వండుతున్నావని అడిగేవాళ్లుండరు, తనకి ఆ అవసరమూ లేదు.

ఎక్కువమందికి వండాల్సి వస్తే నేను ముందురోజే వెళ్లి, ఏం వండుతున్నానో ఎన్నింటికి వస్తానో చెప్పి వస్తున్నాను. అలా చెప్పిన రోజుల్లో ఇప్పటిదాకా ముక్క గట్టిగా రాలేదు, సెలవు రోజయినా సరే. కైమా కావాలంటే మాత్రం చెల్లెలికి ఫోన్ చేసి ఒక ట్రే ఎక్కువ తెమ్మంటాను.